వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధమెంత, వాట్లెన్ని? తరచుగా అడిగే ప్రశ్నలు

రాజాంలో మోటారు వైండింగ్ దుకాణం పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కాలిన మోటారు తెచ్చే రైతు, కొత్త ఇంటికి వైరింగు చేసే కుర్రవాడు, ట్యూషన్ నుంచి వస్తూ లెక్క పట్టుకొచ్చే పదో తరగతి పిల్ల, అందరూ ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతారు. ఒకే జవాబు వందసార్లు చెప్పడం కన్నా ఒకసారి రాసి పెట్టడం నయమనిపించింది. సూత్రాలు రెండే. వాటిని తప్పుగా చెప్పినవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు. లెక్క చెడేది వేరే చోట: ఏ వోల్టేజి తీసుకున్నారు, ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు. ఈ పేజీ నిండా అదే సణుగుడు ఉంటుంది, ఓర్చుకోండి.

ముందు సూత్రాలు చెప్పేయండి. చదవడానికి తీరిక లేదు.

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు (ఇదే ఓమ్ నియమం). సామర్థ్యం = వోల్టేజి × కరెంటు.

వోల్టేజి వోల్టుల్లో, కరెంటు ఆంపియర్లలో ఉంటే నిరోధం ఓమ్‌లలో, సామర్థ్యం వాట్లలో వస్తుంది. 230 వోల్టుల దగ్గర 3.26 ఆంపియర్లు తీసుకునే ఇస్త్రీ పెట్టె ఉందనుకోండి. 230ని 3.26తో భాగిస్తే దాదాపు 70.6 ఓమ్‌లు. రెంటినీ గుణిస్తే 750 వాట్లు. పెట్టె అడుగున ఉన్న రేకు మీదా అదే అంకె ఉంటుంది.

ఈ రెంటినీ కలిపితే మరో రెండు పుడతాయి. కరెంటు తెలియనప్పుడు వోల్టేజిని దానితోనే గుణించి నిరోధంతో భాగించండి. వోల్టేజి తెలియనప్పుడు కరెంటును దానితోనే గుణించి నిరోధంతో గుణించండి. రెండు దారుల్లోనూ వాట్లే వస్తాయి. ఏ దారి ఎప్పుడు పట్టాలన్నది కింద వస్తుంది, అసలు సంగతంతా అక్కడే ఉంది.

"కరెంటు పోయింది" అంటాం కదా, ఆ కరెంటూ ఈ కరెంటూ ఒకటేనా?

కాదు. మన భాషలో ఈ మాట చాలా బరువులు మోస్తోంది. "కరెంటు పోయింది" అంటే నిజానికి పోయింది వోల్టేజి. "కరెంటు బిల్లు" అంటే శక్తికి కట్టే డబ్బు. "కరెంటు కొట్టింది" అన్నప్పుడు మాత్రం మాట సరిగ్గా సరిపోతుంది, ఒంట్లోంచి పోయింది కరెంటే.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది "కరెంటు తక్కువ వస్తోంది" అన్న మాట. సాయంత్రం దీపాలు మసకబారితే అలా అంటాం. అప్పుడు తగ్గింది వోల్టేజి. అదే సమయంలో మీ బోరు మోటారు మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతూ ఉంటుంది. ఈ పేజీలో కరెంటు అంటే తీగలో ప్రవాహం, ఆంపియర్లలో కొలిచేది, అంతే. పాఠ్యపుస్తకాల్లో దీన్నే విద్యుత్ ప్రవాహం అంటారు. వోల్టేజిని పొటెన్షియల్ భేదం అంటారు.

త్రిభుజం గీసి, ఒక అక్షరం మీద వేలు పెట్టి మూసే పద్ధతి మంచిదేనా?

పరీక్ష ముందు రాత్రికి పనికొస్తుంది. తర్వాత మరిచిపోండి. ఒక వోల్టు ఒక ఆంపియరును నడిపితే అక్కడున్నది ఒక ఓమ్, ఖర్చయ్యేది ఒక వాట్. ఇది తలకెక్కితే త్రిభుజం అక్కర్లేదు. నీళ్ల ట్యాంకు, గొట్టం, ప్రవాహం అనే పోలిక కూడా నేను చెప్పను. హీటరు దాకా బాగానే నడుస్తుంది, మోటారు దగ్గరికి వచ్చేసరికి బోర్లా పడుతుంది.

పొద్దున పావుగంటలో కాగే బకెట్టు నీళ్లు, సాయంత్రం అరగంటైనా కాగవు. హీటర్ రాడ్ పాడైందా?

రాడ్ బాగానే ఉంది. దాని వోల్టేజిని అది పనిచేస్తున్నప్పుడు కొలవండి.

మా ఇల్లు ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉంటుంది. 2022 ఏప్రిల్లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది, మా వీధిలో సాయంత్రం ఏడింటి వోల్టేజి మాత్రం ఏ జిల్లాకూ మారలేదు. ఒకరోజు కొలిస్తే 180 వోల్టులు. నా రాడ్ మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంది. ఆ సమయానికి అది తీసుకుంటున్న కరెంటు 5.1 ఆంపియర్లు.

ఇప్పుడు లెక్క. 180 ÷ 5.1 చేస్తే 35.3 ఓమ్‌లు. రాడ్ మీద రాసిన ప్రకారం ఎంతుండాలి? 230 × 230 ÷ 1500 చేసినా 35.3 ఓమ్‌లే. అంటే రాడ్ నిరోధం మారలేదు. లోపలున్నది నైక్రోమ్ తీగ, వేడెక్కినా దాని నిరోధం పెద్దగా పెరగదు. మారింది వాట్లు: 180 × 5.1 అంటే 918. పదిహేను వందల రాడ్ తొమ్మిది వందల రాడ్ అయింది.

చాలామంది ఇక్కడ తడబడతారు. వోల్టేజి 22 శాతం తగ్గితే వాట్లూ 22 శాతమే తగ్గాలి కదా అంటారు. నిరోధం మారనిచోట వోల్టేజి తగ్గితే కరెంటు కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. రెండు దెబ్బలు కలిసి పడతాయి. అందుకే 78 శాతం వోల్టేజికి 61 శాతం వాట్లే మిగిలాయి.

ఇరవై లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 1676 కిలోజౌళ్ల శక్తి కావాలి. 1500 వాట్ల దగ్గర పద్దెనిమిదిన్నర నిమిషాలు, 918 వాట్ల దగ్గర ముప్పై నిమిషాల పైన. మా ఆవిడ గడియారం చూసి చెప్పిన లెక్క కూడా అంతే, ఆవిడకు ఓమ్ నియమంతో పని పడలేదు.

అయితే వోల్టేజి తక్కువ ఉన్నప్పుడు నీళ్లు కాచుకుంటే బిల్లు తగ్గుతుందా?

తగ్గదు. యూనిట్ అంటే వెయ్యి వాట్లు ఒక గంట, అంటే 3600 కిలోజౌళ్లు. పైన చెప్పిన బకెట్టుకు ఎలా కాచినా అరయూనిట్‌కు కాస్త తక్కువే పడుతుంది. వాట్లు తగ్గిన మేరకు సమయం పెరుగుతుంది. నిజానికి కొంచెం ఎక్కువే కాలుతుంది, కాగేలోపు బకెట్టు చుట్టూ ఉన్న గాలికి వేడి పోతూ ఉంటుంది కాబట్టి.

మోటారు వైండింగును మీటరుతో కొలిస్తే 3 ఓమ్‌లు వచ్చింది. 230ని 3తో భాగిస్తే 77 ఆంపియర్లు. కానీ మోటారు 6 ఆంపియర్లే తీసుకుంటోంది. ఏది అబద్ధం?

మీటరు నిజమే చెప్పింది, భాగహారమూ సరిగ్గానే ఉంది. ఆ రెంటినీ జత చేయకూడదు.

మీటరు కొలిచింది రాగి తీగ నిరోధాన్ని. మోటారు తిరుగుతున్నప్పుడు దాని వైండింగులో వచ్చిన వోల్టేజికి ఎదురు వోల్టేజి పుడుతుంది. తీగకు మిగిలేది ఆ రెంటి మధ్య తేడా మాత్రమే. అందుకే కరెంటు 6 దగ్గర ఆగుతుంది. ఇరుసు బిగుసుకుపోయి మోటారు తిరగకపోతే ఆ ఎదురు బాగా తగ్గిపోయి, కరెంటు మామూలుకు అయిదారు రెట్లు పైకి పోతుంది. తిరగని మోటారును స్విచ్చి వేసి చూస్తూ ఉంటే నిమిషాల్లో వార్నిష్ వాసన వస్తుంది. ఆ వాసనే నా జీవనాధారం, అయినా వద్దనే చెబుతాను.

230 ÷ 6 చేస్తే 38 ఓమ్‌లు వస్తుంది. దాన్ని నిరోధం అనకండి. అది అవరోధం: తీగ నిరోధం, చుట్టల అయస్కాంత ప్రభావం, ఎదురు వోల్టేజి అన్నీ కలిసిన అంకె.

వాట్ల లెక్కలోనూ ఇదే జాగ్రత్త. 230 × 6 అంటే 1380. కానీ ఒక హార్స్‌పవర్ మోటారుకు వాట్‌మీటరు తగిలిస్తే 1100 దరిదాపుల్లో చూపిస్తుంది. మోటారులో కరెంటు వోల్టేజికి కాస్త వెనకబడి నడుస్తుంది, రెండూ ఒకేసారి శిఖరానికి చేరవు. 1100ని 1380తో భాగిస్తే 0.8, దాన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, అది ఇరుసు దగ్గర చేతికందే పని. 1100 ఇస్తే 746 అందింది, మిగిలింది వేడి. చిన్న సింగిల్ ఫేజ్ మోటార్లు అలాగే ఉంటాయి.

వోల్టేజి తగ్గితే హీటరు కరెంటు తగ్గుతుంది అన్నారు. మరి మోటార్లు లో వోల్టేజికే ఎందుకు కాలుతున్నాయి?

హీటరుకు పని పూర్తి చేయాలన్న పట్టుదల లేదు. వోల్టేజి ఎంతిస్తే అంత కాస్తుంది. మోటారుకు నూతిలో నీళ్ల బరువు తగ్గలేదు. వోల్టేజి 180కి పడితే దాని తిప్పే బలం 61 శాతానికి పడిపోతుంది. బరువు అంతే ఉంది కాబట్టి వేగం కాస్త తగ్గి, ఎదురు వోల్టేజి తగ్గి, తీగల్లోకి ఎక్కువ కరెంటు వస్తుంది.

6 ఆంపియర్లు తీసుకునేది 7.5 తీసుకుంటోందనుకోండి. ఇక్కడ పట్టుకోవలసిన దారి కరెంటు × కరెంటు × నిరోధం. తీగ 3 ఓమ్‌లైతే ముందు 108 వాట్ల వేడి, ఇప్పుడు 169 వాట్లు. కరెంటు పాతిక శాతం పెరిగితే వేడి సగానికి పైగా పెరిగింది. పైగా వేగం తగ్గడంతో చల్లబరిచే ఫ్యాను కూడా మందగిస్తుంది. "కరెంటు తక్కువ వచ్చి మోటారు కాలిపోయింది మాస్టారూ" అని రైతు అన్నప్పుడు నేను దిద్దను. ఆయన మోటారు కాలింది, వ్యాకరణం కోసం రాలేదు. కానీ కాలింది కరెంటు ఎక్కువై.

వైండింగు ఎంత వేడెక్కిందో లోపల చెయ్యి పెట్టకుండా తెలుసుకోవచ్చా?

నిరోధమే థర్మామీటరు. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. పొద్దున 30 డిగ్రీల దగ్గర 3.0 ఓమ్‌లు ఉన్న వైండింగు, గంటసేపు నడిచి ఆపిన వెంటనే 3.6 చూపించిందనుకోండి. వైండర్లు వాడే సూత్రం ప్రకారం ముందున్న ఉష్ణోగ్రతకు 234.5 కలిపి, నిరోధాల నిష్పత్తితో గుణించి, మళ్లీ 234.5 తీసేయాలి. 264.5 × 1.2 అంటే 317.4, అందులోంచి తీస్తే 83 డిగ్రీలు. ఆపిన వెంటనే కొలవాలి, టీ తాగి వచ్చి కొలిస్తే లెక్క చల్లారిపోతుంది. సరఫరా పూర్తిగా తీసేశాకే కొలవాలి, కెపాసిటర్ తీగను ముందు విడదీయాలి.

వంద వాట్ల పాత బల్బు నిరోధం లెక్కిస్తే 529 ఓమ్‌లు, మల్టీమీటరుతో కొలిస్తే 40. మీటరు పాడైందని దుకాణంవాడికి తిరిగిచ్చేయనా?

ఇవ్వకండి. లెక్కలో 529 వచ్చింది వెలుగుతున్న బల్బుకు: 230 × 230 ÷ 100. మీరు కొలిచింది చల్లటి బల్బును. టంగ్‌స్టన్ తీగ వెలిగేటప్పుడు రెండువేల అయిదువందల డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అప్పటికి దాని నిరోధం పది పన్నెండు రెట్లకు మించి పెరిగిపోతుంది. రెండు అంకెలూ నిజమే, సమయాలు వేరు.

స్విచ్చి వేసిన క్షణంలో తీగ చల్లగా ఉంటుంది కాబట్టి, ఆ రెప్పపాటు కరెంటు అర ఆంపియరు బదులు అయిదారు ఆంపియర్లు ఉంటుంది. పాత బల్బులు వెలుగుతూ ఉండగా కన్నా వేసిన క్షణాన "టప్" మని పోయేది అందుకే.

ఎల్ఈడీ బల్బుకు ఈ లెక్క పనిచేస్తుందా?

వాట్లకు కొంతవరకు, నిరోధానికి అసలు కాదు. లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. మంచి బల్బుల్లో అది వోల్టేజి తగ్గితే కరెంటు ఎక్కువ లాగి వెలుగును నిలబెడుతుంది. ఓమ్ నియమం చెప్పినదానికి పూర్తిగా ఎదురు. దాన్ని మల్టీమీటరుతో కొలిచి వచ్చిన అంకెకు అర్థం వెతక్కండి.

అరవై వాట్ల బల్బు, వంద వాట్ల బల్బు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది?

అరవైదే. పరీక్షల్లో ఇది పాత ఉచ్చు. శ్రేణిలో రెంటికీ కరెంటు ఒకటే, అందుకని నిరోధం ఎక్కువ ఉన్నదే ఎక్కువ వాట్లు తింటుంది. అరవై వాట్ల బల్బు నిరోధం దాదాపు 882 ఓమ్‌లు, వందది 529. ఇంట్లో మాత్రం అన్నీ సమాంతరంగా ఉంటాయి, వోల్టేజి అందరికీ ఒకటే, అక్కడ వందదే గెలుస్తుంది. పైన చెప్పిన సంగతి ప్రకారం మసకగా వెలిగే బల్బు నిరోధం ఇంకా తగ్గుతుంది, అప్పుడు తేడా మరింత పెరుగుతుంది. ఇది పరీక్షలో రాస్తే మార్కులు పెరుగుతాయో లేదో చెప్పలేను, నిజం మాత్రం అదే.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వీధుల్లో సీరియల్ సెట్లు కట్టేవాళ్లకు ఈ లెక్క నోటికి వస్తుంది. 6 వోల్టుల బుడ్డి బల్బులు వాడే పాత సెట్లలో 230ని 6తో భాగించి 38 బల్బులు వరుసగా కలిపేవారు. ఒకటి పోతే వరుసంతా చీకటి. పోయిన బల్బు రెండు కొసల మధ్యా మొత్తం 230 వోల్టులూ నిలబడి ఉంటాయి, "ఆరు వోల్టుల బల్బే కదా" అని వేలు పెట్టి వెతికినవాళ్లకు ఆ సంగతి వెంటనే తెలిసేది.

పెరట్లో బోరు ఇంటికి డెబ్బై మీటర్ల దూరం. ఒక చదరపు మిల్లీమీటరు వైరు చాలదా? ఎలక్ట్రీషియన్ రెండున్నర అంటున్నాడు, కమీషన్ కోసమేనా?

ఈసారికి ఆయన మాట వినండి. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి తీగ పొడవు 140 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగ మీటరుకు 0.0172 ఓమ్‌లు. మొత్తం 2.4 ఓమ్‌లు. మోటారు 6 ఆంపియర్లు తీసుకుంటే వైరులోనే 14 వోల్టులు పోతాయి, 87 వాట్లు వేడిగా పోతుంది. ఇంటి దగ్గర 200 ఉంటే మోటారుకు 186 చేరుతుంది. రెండున్నర వైరు వేస్తే నిరోధం 0.96 ఓమ్, పోయేది 6 వోల్టుల లోపే, వేడి 35 వాట్లు.

మోటారు ఆపి ఉన్నప్పుడు బోరు దగ్గర కొలిస్తే మాత్రం రెండు వైర్లలోనూ 200 కనిపిస్తుంది. కరెంటు లేనిచోట వైరు ఏమీ తినదు. "వోల్టేజి నిండుగానే ఉంది, మోటారే దొంగ" అనుకునేవాళ్లంతా ఆపిన మోటారు దగ్గర కొలిచినవాళ్లే.

తీగ తెంచకుండా కరెంటు కొలిచే క్లాంప్ మీటరు వైరు చుట్టూ పెడితే సున్నా చూపిస్తోంది.

ఫేజు, న్యూట్రల్ రెంటినీ కలిపి పట్టుకున్నారు. వెళ్లేదీ వచ్చేదీ సమానం, ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. ఒక్క తీగ చుట్టూ పెట్టండి.

మీటర్లేవీ లేవు. ఫ్రిజ్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో ఎలా తెలుస్తుంది?

మీ ఇంటి గోడకు వేలాడుతున్న సర్వీసు మీటరు మీదే. దాని ముందు ఎర్రటి చిన్న దీపం మిణుకుతూ ఉంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. ఇంట్లో మిగతావన్నీ ఆపి, ఒక నిమిషంలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టండి. 20 వచ్చాయనుకోండి. గంటకు 1200 మిణుకులు. 1200ని 3200తో భాగిస్తే 0.375 యూనిట్, అంటే 375 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ గొడవ కూడా లేదు, ఇంటి మీటరు కొలిచేది అసలు వాట్లనే. ఫ్రిజ్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి, నడుస్తున్నప్పుడే లెక్కపెట్టండి. ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉపాయం ఇది, పైసా ఖర్చు లేదు.

త్రీ ఫేజ్ మోటారుకు?

మూడు ఫేజుల మీదా భారం సమానంగా ఉంటే, రెండు ఫేజుల మధ్య వోల్టేజి × ఒక తీగలో కరెంటు × 1.732 × పవర్ ఫ్యాక్టర్. 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు, 0.8 అయితే 4300 వాట్ల పైచిలుకు. అది అయిదు హార్స్‌పవర్ మోటారు, ఇరుసు దగ్గర 3730 అందుతుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులే కదా, దానికి అంత లావు తీగలెందుకు?

వోల్టేజి తక్కువ కాబట్టే. ఫ్యాన్లు, దీపాలు కలిపి 600 వాట్లు నడవాలంటే 600 ÷ 12 అంటే 50 ఆంపియర్లు. ఇన్వర్టర్ తనకోసం తినేది కలిపితే 60 దాకా. టెర్మినల్ వదులై అక్కడ 0.01 ఓమ్ నిరోధం చేరిందనుకోండి, అంత చిన్నదాన్ని మామూలు మల్టీమీటరు కొలవనే లేదు. 60 × 60 × 0.01 అంటే 36 వాట్లు, నట్టు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. బ్యాటరీ తలకాయ దగ్గర ప్లాస్టిక్ కరిగిందంటే కారణం ఇదే.

మరి ఊళ్లలోకి పదకొండు వేల వోల్టులు ఎందుకు? భయం కాదా?

భయమే. కానీ లెక్క చూడండి. వంద కిలోవాట్లను 230 వోల్టుల దగ్గర పంపాలంటే 435 ఆంపియర్లు. దారిలో తీగ నిరోధం ఒక్క ఓమ్ ఉన్నా 435 × 435, అంటే 189 కిలోవాట్లు తీగే తినాలి. పంపేదానికన్నా ఎక్కువ, అంటే అది జరిగే పని కాదు. 11,000 వోల్టుల దగ్గర అయితే 9.1 ఆంపియర్లు, నష్టం 83 వాట్లు. మూడు ఫేజుల లెక్క వేరు, సంగతి మాత్రం ఇదే.

దీనికి సరిగ్గా ఎదురైనది చూడాలంటే ఫెర్రో అల్లాయ్స్‌కు (విద్యుత్ కొలుముల్లో కరిగించి చేసే ఇనుప మిశ్రమ లోహాలకు) పేరుపడ్డ మా జిల్లా గరివిడిని తలుచుకోవాలి. అలాంటి కొలుముల్లో వోల్టేజి వందా రెండు వందల దగ్గరే ఉంటుంది, కరెంటు మాత్రం వేల, పదివేల ఆంపియర్లు. అక్కడ వేడి నష్టం కాదు, కావలసిందే అది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ను కొలిమికి ఆనించినంత దగ్గరలో పెడతారు.

మల్టీమీటరుతో ఏమేం చేయకూడదు?

ఓమ్‌ల మీద పెట్టి సరఫరా ఉన్నచోట తాకించకూడదు. ఆంపియర్ల మీద పెట్టి ప్లగ్గు రెండు రంధ్రాల్లో గుచ్చకూడదు, ఆ స్థితిలో మీటరు దాదాపు వట్టి తీగ, షార్ట్ సర్క్యూట్ చేసినట్టే. వోల్టేజిని పక్కనుంచి కొలుస్తారు, కరెంటును దారి మధ్యలోంచి.

ఒంటి నిరోధం కొలుచుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. పొడి చేతుల మధ్య మీటరు లక్షల ఓమ్‌లు చూపించవచ్చు. తడిసిన చర్మానికి వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకు 0.23 ఆంపియరు. ప్రాణం పోవడానికి అందులో చాలా తక్కువ భాగం చాలు, ఇళ్లల్లో పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచే స్విచ్చి) 0.03 ఆంపియరు దగ్గరే సరఫరా తెంచేది అందుకే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు స్తంభాలు, తీగలు నేలమీద పడి ఉన్న రోజులు ఇక్కడివాళ్లకు గుర్తే. కిందపడ్డ తీగ దగ్గర ఏ లెక్కా వేయకండి. దూరంగా ఉండి లైన్‌మన్‌కు ఫోన్ చేయండి.

జవాబు ఎన్ని దశాంశాల దాకా రాయాలి?

మీటరు చూపించినంత. 180 వోల్టులు, 5.1 ఆంపియర్లు కొలిచి 35.294117 ఓమ్‌లు అని రాస్తే దశాంశం తర్వాతి అంకెలన్నీ కాలిక్యులేటరువి, మీవి కావు. వోల్టేజి కొలతలో ఒక శాతం, కరెంటు కొలతలో రెండు శాతం తప్పుంటే జవాబులో మూడు శాతం దాకా తేడా రావచ్చు. 35 అని రాయండి. మిల్లీఆంపియర్లను ఆంపియర్లుగా మార్చడం మరిచిపోతే వెయ్యి రెట్ల తప్పు వస్తుంది. దాని ముందు దశాంశాల గొడవ చిన్నది.

ఈ ఓమ్ అనే ఆయన ఇదంతా ఎలా కనిపెట్టాడు?

గేఆర్గ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో బడి పంతులు. ఒకే మందమున్న తీగలను వేర్వేరు పొడవుల్లో తీసుకుని, ఒక్కోదానిలో కరెంటు ఎంతో అయస్కాంత సూది తిరిగిన మేరను బట్టి చూశాడు. మొదట వాడింది ఆనాటి రసాయన బ్యాటరీలను. కొలుస్తూ ఉండగానే వాటి వోల్టేజి జారిపోయేది, అంకెలు కుదిరేవి కావు. మా వీధి కష్టమే ఆయనదీ. పోగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహా మీద బ్యాటరీలను పక్కనపెట్టి, రాగి, బిస్మత్ లోహాలను అతికిన థర్మోకపుల్ పట్టుకున్నాడు, అది రెండు అతుకుల మధ్య వేడి తేడాను బట్టి వోల్టేజి పుట్టిస్తుంది. దాని ఒక అతుకు మరిగే నీళ్లలో, రెండోది కరుగుతున్న ఐసులో. ఆ రెండు ఉష్ణోగ్రతలూ కదలవు కాబట్టి వోల్టేజీ కదలలేదు, నియమం బయటపడింది. పుస్తకం 1827లో అచ్చయింది. మొదట్లో సొంత దేశంలో పెద్దగా ఆదరణ దొరకలేదు. లండన్‌లోని రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చింది. 1881లో పారిస్ సమావేశం నిరోధం ప్రమాణానికి ఆయన పేరు ఖాయం చేసింది.

ఆ ప్రయోగం ఇంట్లో చేసి చూస్తామనే పిల్లలు ఉన్నారు, చేయండి. ఐసు బజారులో దొరుకుతుంది. నీళ్లు మాత్రం గ్యాసు పొయ్యి మీద మరిగించుకోండి, సాయంత్రం ఏడు దాటాక మా వీధిలో హీటర్ రాడ్‌ను నమ్ముకోవద్దు.